‘ఐ ఫీల్ లవ్’ బేస్: ఎడమ కుదిరింది, కుడి ఇంకా మొండికేస్తోంది

డోనా సమ్మర్ పాట ‘ఐ ఫీల్ లవ్’ని అనలాగ్ సింథ్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యం) మీద మళ్లీ చేసే పనిలో ఉన్నాను. కిక్ (కాలి డ్రమ్) కుదిరింది. హై-హ్యాట్, పైన పరుచుకునే నిడివి స్వరాల ప్యాడ్ కూడా కుదిరాయి. బేస్ (కింది స్వరాల వరస) ఒక్కటే చంపుకు తింటోంది. ఆ పాటలో ప్రాణమంతా ఆ బేస్‌లోనే ఉంది కాబట్టి మిగతావి ఎంత బాగా వచ్చినా నాకు తృప్తి లేదు.

1977లో నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ మ్యూనిక్‌లో మోగ్ మాడ్యులర్ సింథ్ మీద చేసిన పని అది. ఎడమ వైపు అసలు స్వరం, కుడి వైపు డిలేతో కాస్త వెనగ్గా అదే స్వరం. హెడ్‌ఫోన్స్‌లో వింటే రెండు చెవుల మధ్య దీపం ఆరి వెలుగుతున్నట్టు ఉంటుంది. నాకు ఆ ఊపే కావాలి.

నా టెంపో నిమిషానికి 127 బీట్లు. అంటే ఎయిత్ నోట్ (అర బీట్, బేస్ ఒక్కో స్వరానికి పట్టేది) 236.2 మిల్లీసెకన్లు, అందులో సగం సిక్స్‌టీన్త్ 118.1. డిలే 118కి పెట్టి, రిపీట్ ఒక్కటే ఉంచి, పూర్తిగా కుడికి తోశాను. లెక్క ప్రకారం అన్నీ సమానంగా పడాలి. కానీ ఒకసారి గుర్రం పరుగులా, ఇంకోసారి కుంటినడకలా వస్తోంది.

ఆడాసిటీలో వేవ్‌ఫామ్ పెద్దది చేసి కొలిచాను (దీనికి డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనే లేదు). ఎడమ నుంచి కుడికి ఎప్పుడు చూసినా 118.2. అంటే డిలే పెడల్ నిర్దోషి. కుడి నుంచి తర్వాతి ఎడమకి మాత్రం 111 నుంచి 125 దాకా ఊగుతోంది. ముందు సీక్వెన్సర్‌ని (స్వరాలను వరసగా మోగించే పెట్టె) అనుమానించాను. నా సీక్వెన్సర్ కోర్గ్ ఎస్‌క్యూ-1 పంపే గేట్‌ని (స్వరం మొదలుపెట్టమనే సంకేతం) నేరుగా రికార్డ్ చేస్తే తేడా ఒక మిల్లీసెకను లోపే. ఈ ధరలో ఇంత నికరంగా నడిచే పెట్టె ఇంకోటి నేను చూడలేదు. ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే ఇంటర్‌ఫేస్ బఫర్ మార్చినా ఫలితం లేదు, రెండు చానెళ్లూ ఒకేసారి లోపలికి వస్తున్నాయి మరి.

ఇక మిగిలింది ఆసిలేటర్, అంటే సింథ్‌లో ధ్వని అలని పుట్టించే భాగం. అనలాగ్ ఆసిలేటర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గేట్ తెరుచుకున్నప్పుడు అల ఎక్కడుంటే అక్కణ్ణుంచే స్వరం మొదలవుతుంది. కింది సి 65.4 హెర్ట్జ్, ఒక్కో అలకి 15.3 మిల్లీసెకన్లు. సా-టూత్ (రంపపు పన్ను ఆకారపు అల) అంచు ఆ 15 మిల్లీసెకన్లలో ఎక్కడైనా పడొచ్చు. ఒక ఆక్టేవ్ పైకి జరిపి (అల నిడివి సగమవుతుంది) చూస్తే ఊగు దాదాపు సగానికి తగ్గింది, 114 నుంచి 121. అనుమానం బలపడింది. 236.2లో కింది సి అలలు 15.45 పడతాయి, అందుకే స్వరం స్వరానికీ దాదాపు సగం అల జారిపోతోంది. సరిగ్గా 15 అలలు పట్టాలంటే టెంపో 130.8 కావాలి. పెట్టాను. ఒకే స్వరం మీద వణుకు దాదాపు పోయింది! ఎంత సంతోషమేసిందో. తీరా లైన్‌లో మిగతా స్వరాలు వచ్చేసరికి మళ్లీ మొదటికే.

మరి వాళ్లకెలా కుదిరింది? మోగ్ ఆసిలేటర్లు కూడా ఆగకుండా తిరిగేవే. పైగా శ్రుతి తప్పుతూ ఉండేది, ఇరవై ముప్పై సెకన్ల ముక్కలుగా రికార్డ్ చేసి మళ్లీ ట్యూన్ చేసుకునేవారు. సింథ్‌ని టేపుతో కలిపి నడిపించే ఉపాయం ఇంజనీర్ రాబీ వెడెల్‌ది. కిక్ మాత్రం డ్రమ్మర్ కీత్ ఫోర్సీ కాలితో కొట్టాడు, మోగ్ కిక్‌లో దమ్ము చాలలేదని. నా ఊహ ఏంటంటే, ఆ కిక్కే చెవికి లంగరు వేస్తోంది, బేస్‌లో చిన్న చిన్న జారుళ్లు దాని చాటున దాగిపోతున్నాయి.

బకెట్ బ్రిగేడ్ డిలేలంటే (పాతకాలపు అనలాగ్ చిప్పులతో నడిచేవి) నాకు ప్రాణం, కానీ ఈ పాటకి వద్దు. రిపీట్ మొద్దుబారిపోతుంది, కుడి చెవిలో అంచే వినపడదు. కంప్యూటర్ సింథ్ ప్లగిన్‌లో ఫేజ్ రీసెట్ (ప్రతి స్వరానికీ అలని మొదటికి తెచ్చే మీట) నొక్కితే ఒక్క నిమిషంలో తేలిపోతుందని తెలుసు, కానీ నాకు వైర్లతోనే కావాలి.

మొదట బీ-సైడ్‌గా, అంటే రికార్డు రెండో వైపున, వచ్చిన పాట ఇది. తర్వాత బ్రిటన్‌లో నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికాలో ఆరో స్థానం. శాన్ ఫ్రాన్సిస్కోలో సంగీతకారుడు పాట్రిక్ కౌలీ క్లబ్బుల కోసం 15 నిమిషాల 43 సెకన్ల రీమిక్స్ చేశాడు. అంతసేపు జనాన్ని ఫ్లోర్ మీద నిలబెట్టిన బేస్ అంటే ఎంత నికరంగా ఉండాలి! నాది నిమిషం కూడా నిలవడం లేదు.

తర్వాతి పని సింక్ ఇన్‌పుట్ ఉన్న సెకండ్‌హ్యాండ్ సింథ్ వెతకడం. గేట్‌తోనే ఆసిలేటర్‌ని ప్రతి స్వరానికీ మొదటికి తెచ్చి, 127 దగ్గర, కింది సితోనే మళ్లీ కొలుస్తాను. అది నిలబడితే కౌలీ నిడివికి వెళ్తాను.