వాసన వెతికేటప్పుడు నా ముఖం చూడొద్దు

మొన్న ప్రాక్టీస్‌లో మా మాలినోయిస్ జాతి కుక్కతో పేలుడు పదార్థాల వాసన వెతికిస్తున్నాను. ఆరు గదులు, ఏ గదిలో పెట్టారో నాకు చెప్పలేదు. మూడో గదిలో బీరువా కనపడగానే ఇక్కడే దాచి ఉంటారని మనసులో అనుకున్నాను, అంతే, నాకు తెలియకుండానే నడక నెమ్మదించింది, లీష్ (కుక్కను పట్టుకునే తాడు) మీద చెయ్యి బిగిసింది. అది బీరువా అంచున ముక్కు పెట్టి, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కూర్చుంది, అంటే వాసన దొరికిందని సైగ. ఆ గదిలో ఏమీ లేదు.

తప్పు పూర్తిగా నాది. ఇది నా ఒక్కడి సమస్య కూడా కాదు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు 18 మంది హ్యాండ్లర్లను (కుక్కను నడిపించి వెతికించేవాళ్లను) వాళ్ల కుక్కలతో సహా ఒక చర్చిలో పరీక్షించారు, అక్కడ ఏ వాసనా పెట్టలేదు, కానీ కొన్నిచోట్ల ఎర్ర కాగితం అంటించి వాసన అక్కడుందని హ్యాండ్లర్లకు చెప్పారు. మొత్తం 144 సార్లు వెతికితే 'దొరికింది' అనే మాట ఒక్కసారి కూడా రాకుండా ముగిసినవి 21 మాత్రమే!

మా కుక్కకు ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. ముందు దాన్ని ఐజీపీ అనే కుక్కల శిక్షణ పోటీల కోసం తయారుచేశాను. అందులో ట్రాకింగ్ (అడుగుజాడల వాసన పట్టడం), ఒబీడియెన్స్ (మాట వినడం), ప్రొటెక్షన్ (దాడి చేసేవాణ్ని అడ్డుకోవడం) మూడు భాగాలు, ఒక్కోదానికి 100 మార్కులు. ఒబీడియెన్స్‌లో కుక్క మన ముఖం మీంచి చూపు తిప్పకుండా పక్కనే నడిస్తే ఎంత అందంగా ఉంటుందో! ప్రొటెక్షన్‌లో అయితే చాలామంది కరవడమే గొప్ప అనుకుంటారు గానీ అసలు కష్టం వదలడం. డెకాయ్ (దాడి చేసేవాడిగా నటించే మనిషి) కుక్క కరిచిన స్లీవ్‌ను, అంటే చేతికి తొడిగిన మందపాటి కవచాన్ని, కదలకుండా బిగబట్టి నిలబడ్డప్పుడు, ఒంట్లో రక్తం ఉరకలేస్తున్నా ఒక్క మాటకే పట్టు వదలాలి. వదిలిన వెంటనే డెకాయ్ మళ్లీ కదిలితే, వదిలితేనే ఆట కొనసాగుతుందని దానికి అర్థమవుతుంది. అరిచి, లాగి వదిలించడం నాకు అస్సలు నచ్చదు, పట్టు ఇంకా బిగుస్తుంది.

అక్కడ నా మాట కోసం చూడాలి, ఇక్కడ నన్ను మర్చిపోవాలి. అందుకే ఇప్పుడు బహుమతిగా ఇచ్చే బంతి నా జేబులో ఉండదు. వాసన దగ్గర ముక్కు ఆనించి కదలకుండా నిలిచాక, వెనక నుంచి ఇంకొకరు సరిగ్గా ఆ చోటికే విసురుతారు (పేలుడు పదార్థాల దగ్గర గోకడం, మొరగడం పనికిరాదు కాబట్టి కూర్చోవడమో కదలకుండా నిలవడమో మాత్రమే నేర్పిస్తాం). ఏమీ లేని గదులు ఎక్కువ పెడుతున్నాం. ఖాళీ డబ్బాలు, కొత్త గ్లవ్స్, టేప్ కూడా విడిగా దాస్తున్నాం, లేదంటే కుక్క పేలుడు పదార్థానికి బదులు గ్లవ్స్ వాసన నేర్చుకుంటుంది.

నిన్న అది ఒక కుర్చీ కింద ఆగింది. నేను కావాలనే ఆగకుండా ముందుకు నడిచాను, లీష్ సాగింది, తలుపు దాకా వెళ్లాను. తల తిప్పలేదు, ముక్కు అక్కడే. బంతి వచ్చి దాని మూతి ముందు పడింది.