ఆషింగ్టన్: బొగ్గు తవ్విన చేతులు గీసిన బొమ్మలు

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రైలెక్కితే ఆషింగ్టన్‌కు అరగంట పైచిలుకు ప్రయాణం. ఆ అరగంట ప్రయాణం కోసం ఊరివాళ్లు 60 ఏళ్లు ఎదురుచూశారు. 1964లో ఈ మార్గంలో ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. బొగ్గు బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మనుషుల కోసం మళ్లీ రైలు నడిచింది 2024 డిసెంబరులో. బొగ్గుకు దొరికిన దారి, దాన్ని తవ్విన ఊరికి ఇన్నేళ్లు దొరకలేదంటే నాకు మనసొప్పలేదు.

నేను కొత్తగూడెంలో పుట్టాను. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో పనిచేశారు. మా ఇళ్లలో గని అనరు, 'బాయి' అంటారు. ఇంగ్లండుకు ఉద్యోగానికి వచ్చిన రోజు నుంచీ ఇక్కడి బాయి ఊరొకటి చూడాలని నా కోరిక.

ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో, సముద్రానికి దగ్గరగా ఉంది ఆషింగ్టన్. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా అక్కడ ఉన్నవి పొలాలే. బొగ్గు కోసం గనులు తవ్వడం మొదలయ్యాక ఐర్లండు నుంచి, కార్న్‌వాల్ తగరపు గనుల నుంచి జనం వచ్చి చేరారు. ప్రపంచంలోకెల్లా పెద్ద గని పల్లె అని దానికి పేరొచ్చింది. కంపెనీ ఎర్ర ఇటుకలతో ఇళ్లు వరుసలు వరుసలుగా కట్టించింది. వాటికి పేర్లు కూడా పెట్టలేదు. ఒకటో వరుస, రెండో వరుస, అంతే. మా కాలనీ క్వార్టర్లకు నంబర్లు వేసినట్టే. ఆ తర్వాత కట్టిన వీధులకు మాత్రం షేక్స్‌పియర్ నాయికల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటైన బియాట్రిస్ వీధిలోనే గని కార్మికుడి కొడుకులు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్ పెరిగారు. 1966లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు అన్నదమ్ములిద్దరూ జట్టులో ఉన్నారు. ఆ వీధిలో నేను పది నిమిషాలకు మించి నిలవలేదు. నా మనసంతా వుడ్‌హార్న్ మీదే ఉంది.

వుడ్‌హార్న్ గని 1981లో మూతపడింది. 1989 నుంచి అది మ్యూజియం. మనుషులను లోపలికి దించిన, బొగ్గును పైకి తెచ్చిన చక్రాల గోపురాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. 1916 ఆగస్టు 13న, ఆదివారం ఉదయం, ఇక్కడ మీథేన్ వాయువు పేలి 13 మంది చనిపోయారు. ఆదివారం కాబట్టి లోపల ఉన్నవాళ్లు కొద్దిమందే. మామూలు రోజైతే ఎన్ని ఇళ్లలో దీపం ఆరేదో!

లోపల ఒక గదిలో గని కార్మికులు గీసిన బొమ్మలున్నాయి. 1934లో కార్మికుల సాయంకాలపు తరగతికి రాబర్ట్ లయన్ అనే మాస్టారు చిత్రకళ గురించి చెప్పడానికి వచ్చారు. ఇటలీ మహా చిత్రకారుల బొమ్మలను తెర మీద చూపించారు. వీళ్లకు అవి అంటలేదు. ఇక లాభం లేదని, మీరే గీయండి, అప్పుడే తెలుస్తుంది అన్నారాయన. షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కుని వచ్చి కుంచె పట్టారు. చాలామంది గీసింది అట్టల మీద, చెక్కల మీద, గోడలకు వేసే రంగులతో. 1936 నాటికి న్యూకాసిల్‌లో ప్రదర్శన పెట్టారు. ఆ బృందం 1980ల దాకా ఒక షెడ్డులో కలుస్తూనే ఉంది.

వాళ్లు గీసినవన్నీ తమకు తెలిసిన సంగతులే: పావురాల గూళ్లు, సన్నటి పరుగు కుక్కలు, క్లబ్బులో శనివారం రాత్రి. ఆలివర్ కిల్‌బర్న్ గీసిన గని బొమ్మల ముందు నేను చాలాసేపు ఉండిపోయాను. మోకాలి ఎత్తు కూడా లేని పొరలో మనిషి పక్కకు ఒరిగి తవ్వుతున్నాడు. దీపం వెలుగు పడినంత మేరే లోకం, మిగతాదంతా నలుపు. ఆ నలుపును వేరేవాళ్లు వేయలేరు. అందులో బతికినవాళ్లకే దాని రంగు తెలుసు.

1984-85లో గనుల మూసివేతకు వ్యతిరేకంగా ఏడాది పాటు సమ్మె జరిగింది. ఓడిపోయారు. ఆషింగ్టన్ గని 1988లో పోయింది. పక్కనే, సముద్రం కిందికి సాగిన ఎల్లింగ్టన్ గని 2005 దాకా నిలిచింది. ఒకప్పుడు రాళ్లూ మట్టీ కొండలా పోసిన చోట ఇప్పుడు చెరువూ పార్కూ ఉన్నాయి. హంసలు తిరుగుతున్నాయి. చూడముచ్చటగా ఉంది, కానీ ప్రధాన వీధిలో మూసి ఉన్న దుకాణాలను చూసి గుండె బరువెక్కింది.

మ్యూజియంలో ఒక ముసలాయన పలకరించారు. ఆయన కూడా ఒకప్పటి గని కార్మికుడే. నాన్న గురించి చెప్పగానే చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి కింద నీలంగా ఒక గీత. గాయంలోకి బొగ్గు పొడి వెళ్లి చర్మం మూసుకుపోతే ఆ నీలం ఇక పోదు. నాన్న నుదుటి మీద, కుడి కనుబొమ్మ పైన, అదే నీలం ఉంది. చిన్నప్పుడు దాన్ని పుట్టుమచ్చ అనుకునేదాన్ని. ఫోనులో నాన్న ఫొటో చూపించాను. ఆయన ఏమీ అనలేదు. తన చేతిని ఫొటో పక్కన పెట్టి చూసుకున్నారు.

రాత్రి నాన్నకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు: "అంత సన్నటి పొరలో పైకప్పు ఎలా నిలిపేవాళ్లో అడిగావా, అమ్మా?"