గొళ్ళెం సంగతి ముందే చెప్పాల అబ్బయ్యా

నేను 1983లో పది పాసై వెళ్ళిన బ్యాచ్ వాడిని. మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది స్టాఫ్ రూమ్ పక్కన గోడకు ఆనించి ఉండే చెక్క బీరువా. దాని అద్దం ఒకటి పగిలితే అట్టముక్క బిగించారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అందులో కథల పుస్తకాలు ఉండేవి. తాళంచెవి మా తెలుగు మాస్టారి దగ్గర ఉండేది.

శుక్రవారం చివరి పీరియడ్‌లో ఆయన బీరువా తెరిచేవారు. పుస్తకాలను రచయిత పేరును బట్టి సర్దలేదు. ఒక్కో అరకు ఒక కాగితం అంటించి, దాని మీద ఒక ప్రశ్న రాసి పెట్టారు. పై అర మీద ‘తర్వాత ఏమైంది?’ అని ఉండేది. దాని కింద ‘ఎవరు చేశారు?’, ఆ కింద ‘ఇట్లా జరిగితే?’, ఇంకా కింద ‘అప్పట్లో ఎట్లా ఉండేది?’. అట్టడుగు అర మీద ‘నాకూ ఇట్లాగే అయిందే!’ అని ఉండేది. సాహసం, డిటెక్టివ్, సైన్స్ ఫిక్షన్, చారిత్రకం, సాంఘికం అనే పేర్లు ఆయన మాకు తొమ్మిదో తరగతి దాకా చెప్పలేదు. చదువుతున్నప్పుడు నీ మనసులో ఏ ప్రశ్న తిరుగుతోందో చూసుకో, ఆ కథ ఏ జాతిదో అదే చెబుతుంది అనేవారు.

జానపదాలకు అర లేదు. బైండు చేయించిన చందమామలు బీరువా మీద విడిగా ఉండేవి. నేను స్టూలు వేసుకుని వాటినే దించేవాణ్ణి. ఆ సీరియళ్ళ మీద రచయిత పేరు ఉండేది కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. తెలిసిన రోజు మనసు భారమైపోయింది. బాల్యమంతా ఆయన చేతిలో పెట్టినవాణ్ణి, ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయాను.

1980లో, ఎనిమిదో తరగతిలో ఉండగా, మన లిఖిత పత్రికకు నేనొక కథ ఇచ్చాను. గుడిలో హారం పోతుంది. గదికి లోపలి నుంచి గొళ్ళెం పెట్టే ఉంటుంది. దొంగ ఎట్లా వచ్చాడు, ఎట్లా పోయాడు? చివర్లో ఒక సాధువు వచ్చి, మంత్రం వేసి దొంగ పేరు చెప్పేస్తాడు. క్లాసులో అందరూ బాగుందన్నారు. మాస్టారు మాత్రం సాయంత్రం నన్ను ఆగమన్నారు.

“అబ్బయ్యా, ఎనిమిది పేజీలు మమ్మల్ని గొళ్ళెం గురించి ఆలోచించేలా చేశావు. ఆఖర్న మంత్రంతో తేల్చేశావు. మేము ఆలోచించిందంతా ఏం కావాల?”

“చందమామలో మంత్రాలు ఉంటాయి కద సార్?”

“ఉంటాయి. అక్కడ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని నీకు ముందే చెబుతారు. చిలక ఏడు సముద్రాల అవతల ఉందనీ చెబుతారు. ఆ కట్టుబాటుకు మాంత్రికుడు కూడా లోబడాల్సిందే. ఇక్కడ నువ్వు ‘ఎవరు చేశారు’ అని అడిగావు. అడిగితే, జవాబు కనిపెట్టే దారి కూడా చదివేవాడికి ఇవ్వాల.”

కథను మళ్ళీ రాశాను. ఆ తలుపు బయటి నుంచి గట్టిగా లాగితే వదులైన గొళ్ళెం లోపల దానంతట అదే పడుతుందని పెట్టాను. అదీ చివరి పేజీలోనే పెట్టాను. ఆయన ఎర్ర సిరాతో మార్జిన్‌లో రాశారు: ‘గొళ్ళెం సంగతి మొదటి పేజీలోనే చెప్పాలి.’ చాలా ఏళ్ళ తర్వాత, రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు రచయిత 1929లో డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాలు చదివాను. దయ్యాలు, మంత్రాలు పనికిరావని, దొరికిన ఆధారాన్ని పాఠకుడికి వెంటనే చూపించాలని వాటిలో ఉంది. అది చదువుతుంటే నాకు ఆ ఎర్ర సిరా కనిపించింది.

మా క్లాసులో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇంటి అబ్బాయి ఒకడు ఉండేవాడు. వాడికి పుస్తకమంటే పడదు. మాస్టారు వాడికి రెండో అరలోది ఒకటి ఇచ్చారు. చెక్కలో పగులు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పగలిగినవాడు, సగం పుస్తకంలోనే దొంగను పట్టేశాడు. ఆ ఏడాది ఆ అర మొత్తం చదివేశాడు. చదవని పిల్లలు ఉండరని, తమ అర దొరకని పిల్లలే ఉంటారని నేను నమ్మడం వాణ్ణి చూశాకే.

అదే 1980 జులై 18న, అప్పట్లో మన నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పేపరు తెచ్చి చదివి వినిపించాక, మాస్టారు జూల్స్ వెర్న్ గురించి చెప్పారు. ఆయన 1865లోనే చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే నవల రాశాడు. పంపింది ఫ్లోరిడా నుంచి. 1969లో అపోలో 11 కూడా ఫ్లోరిడా నుంచే బయల్దేరింది. వెర్న్ మంత్రం వాడలేదు, ఫిరంగి వాడాడు. ఆ ఫిరంగిలో పంపితే మనుషులు బతకరు, అది వేరే సంగతి. కానీ ఎంత పొడవు, ఎంత మందు, ఎంత వేగం అని లెక్కలు వేశాడు. ‘ఇట్లా జరిగితే’ అన్న అరకూ మాంత్రికుల కథకూ తేడా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

చారిత్రక కథ గురించి ఆయన మన ఉదయగిరి దుర్గం మీదే చెప్పారు. కృష్ణదేవరాయలు ఈ కోటను గజపతుల నుంచి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి హంపీలో గుడి కట్టించాడు. “వీటిని నువ్వు మార్చకూడదు. కానీ ముట్టడి రోజుల్లో ఈ మెట్ల మీద నీళ్ళు మోసిన పిల్లోడి పేరు ఏ శాసనంలోనూ లేదు. వాడు నీవాడు, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో” అన్నారు. నేను ఆ పిల్లోడి గురించి చాలా రాత్రులు ఆలోచించాను.

ఇప్పుడు నేను కావలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. మా బడిలోనూ అరలకు ప్రశ్నలు అంటించాను. తల్లిదండ్రులు వచ్చి, ఈ కథలో నీతి ఏముంది సార్ అని అడుగుతారు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు మనం ఇంకా ఆ ఒక్క ప్రశ్నతోనే పుస్తకాలు కొంటున్నాం. ఆ వయసు పిల్లలకు స్నేహాలు చెడతాయి, ఇంట్లో అప్పులు తెలుస్తాయి, ఒళ్ళు మారుతుంది. వాళ్ళకు అట్టడుగు అర కావాలి. నా దగ్గర అన్నిటికంటే ఖాళీగా ఉన్నది అదే.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి, “సార్, రొయ్యల చెరువు కాడ కాపలా ఉండే వాళ్ళ పిల్లల కథ ఉందా?” అని అడిగింది. ఆమె నాన్న చేసే పని అది. ఏడాదికో ఊరు, ఏడాదికో బడి. అరంతా వెతికాను. లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. అయితే నువ్వే రాయమ్మా అన్నాను. రెండు పేజీలు తెచ్చింది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల మోత ఆగిపోతే రాత్రి నిద్ర పట్టదని మొదలుపెట్టింది. కరెంటు పోతే మోత ఆగుతుంది, మోత ఆగితే రొయ్యలు చస్తాయి. ఆ సంగతి ఆమె మొదటి పేజీలోనే చెప్పింది. నేను మార్జిన్‌లో ఏమీ రాయలేదు.

మన బీరువా ఇప్పుడు ఆఫీసు గదిలో పాత రిజిస్టర్ల వెనక ఉందని విన్నాను. మన లిఖిత పత్రికలు అందులోనే ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలిసినవాళ్ళు సమ్మేళనం రోజున నాకు చెప్పండి. ఆ అమ్మాయిని కూడా వెంట తీసుకొస్తున్నాను.