బస్సు బోర్డుల చదువు

“ప... ర... కా... ల. పరకాల! డాడీ, పరకాల బస్సు!”

హన్మకొండ బస్టాండులో పక్కన కూర్చున్న ముసలమ్మ కూడా తిరిగి చూసింది. మా బిడ్డది రెండో తరగతి. ఇంట్లో వాచకం తీస్తే ఆవులింతలు, ఇక్కడేమో ఒక్క బోర్డునూ వదలట్లేదు.

మన ఊళ్ల పేర్లు చూస్తే ఎవరో పిల్లల కోసమే పెట్టినట్టున్నాయి. పరకాలలో ఒక్క దీర్ఘం, అంతే. ములుగు మొత్తం కొమ్ములే. భూపాలపల్లిలో ల కింద ల వత్తు, అదీ దాటేసింది.

నర్సంపేట దగ్గర ఆగింది. “నరసంపేట” అంది. నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ “ఆగు కొడకా, పోరినే సదవనీ” అని నన్నే ఆపింది. బిడ్డ ర కింద ఉన్న స వత్తును వేలితో గాల్లో గీసుకుంది, పెదాలు కదిపింది. “నర్... సం... పేట!”

గుణింతాలతో నోట్‌బుక్ నింపించడం కన్నా ఇదే నయమనిపిస్తోంది. టీచర్ ఏమంటారో మరి. రాయడం మాత్రం ఇలా రాదు, దానికి కూర్చోవాల్సిందే.

ఆదివారం కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్లమంటోంది. అక్కడ బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. హిందీ అడిగితే వాళ్లమ్మకు ఫోన్ కొట్టాల్సిందే.