పట్టుబడి లేని చెరువు

మా మరిదిది పాలకొల్లు పక్కన వనామీ రొయ్యల సాగు. నాది నరసాపురంలో చిన్న ఆక్వా ల్యాబ్. ఇన్నేళ్లలో చెరువుల విషయంలో నన్ను సలహా అడిగిన పాపాన పోలేదు. నీళ్ల శాంపిల్ పంపిస్తాడు, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమంటాడు, అంతే. హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించిన దగ్గర్నుంచి మాత్రం పొద్దున్నే ఫోను. "వదినా, ఇందులో ఏ చేపలు వేద్దామంటారు?"

మా ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలూ చేపలూ కలిసుండే ఉప్పునీటి తొట్టె, చాలాకాలంగా ఉంది, అందుకని ఆ ప్రశ్న నా దగ్గరికి రావడంలో వింతేం లేదు. వింతల్లా అతని లెక్కే. "చెరువులో చదరపు మీటరుకి యాభై రొయ్యపిల్ల వేస్తాం కదండీ. ఈ లెక్కన ఇందులో ముప్ఫై దాకా పట్టాలి. మీరేమో ఏడెనిమిది అంటున్నారు!"

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే రెండొందల యాభై లీటర్లు. రాళ్లూ ఇసకా పోగా మిగిలేది రెండొందలు. చెరువులో ఒకే జాతి, ఒకే వయసు పిల్ల వేస్తాం. మూడు నాలుగు నెలల్లో పట్టుబడి చేసి, అంటే రొయ్యలన్నీ పట్టేసి, చెరువు ఎండగట్టి, మళ్లీ మొదలెడతాం. ఏ పొరపాటు జరిగినా ఆ పంటతో పోతుంది. ఈ తొట్టెకి పట్టుబడి లేదు. క్లౌన్ ఫిష్ బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. ఇవాళ బొటనవేలంత ఉందని వేసిన చేప ఆ తర్వాత ఎంత అవుతుందో, పక్కదాన్ని బతకనిస్తుందో లేదో ముందే చూసుకోవాలి. బయటికి తీయాలంటే రాళ్లన్నీ పీకాలి.

నీళ్ల గురించి అతనికి నేను చెప్పాల్సింది తక్కువే. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ అనే మాటలు డెల్టాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. చెరువుకీ దీనికీ తేడా ఉన్న చోట్లు రెండు మూడు చెప్పాను. మన చెరువుల్లో సెలైనిటీ (ఉప్పదనం) ఐదున్నా పదున్నా వనామీ సర్దుకుపోతుంది, రీఫ్‌కి 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) కావాలి, అదీ కదలకుండా. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో సున్నాకి పెట్టుకోవడం మనకి అలవాటు. ఇక్కడ 35 దగ్గరే సరిచూసుకోవాలి, దానికి స్టాండర్డ్ ద్రావణం దొరుకుతుంది. ఆల్కలినిటీని (నీళ్ల క్షారతని) మనం పీపీఎంలో రాస్తాం, రీఫ్ వాళ్లు డీకేహెచ్ అనే కొలతలో చెబుతారు. ఒక డీకేహెచ్ అంటే సుమారు 17.9 పీపీఎం. వాళ్లు ఎనిమిది అంటే మన లెక్కలో నూట నలభై పైచిలుకు.

"అంతర్వేది ఇంత దగ్గర్లో పెట్టుకుని ఉప్పు కొనుక్కోవడం ఏంటి వదినా?" అన్నాడు. వశిష్ఠ కలిసే చోటు అది. వరదల్లో ఆ నీళ్లు చప్పబడిపోతాయి, ఎర్రమట్టి వచ్చేస్తుంది. మిగతా రోజుల్లో డ్రెయిన్లు ఏం మోసుకొస్తాయో ల్యాబ్‌లో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. ఆర్వో నీళ్లూ, ప్యాకెట్ ఉప్పూ. దాని మీద బేరం లేదు.

తొట్టె సైకిల్ అవడానికి, అంటే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఖాళీలో అతన్ని కూర్చోబెట్టి లిస్టు రాయించాను. ఆఖరి చేపతో సహా రాసుకున్నాకే మొదటి చేప కొనాలని నా పట్టుదల. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చాలా ముఖ్యం. ముందు వచ్చిన చేప రాళ్లన్నీ తనవే అనుకుంటుంది. కాబట్టి పిరికివి ముందు, రౌడీలు ఆఖర్న.

దుకాణాల్లో జరిగేది దీనికి సరిగ్గా రివర్సు. "సైకిల్‌కి రెండు డామ్సెల్ చేపలు వేసేయండి, చావవు, చవక" అంటారు. చావవన్న మాట నిజమే. మూడు తెల్లచుక్కల డొమినో డామ్సెల్ చిన్నప్పుడు బొట్టుబిళ్ల సైజులో ముద్దుగా ఉంటుంది. పెరిగాక నాలుగైదు అంగుళాలవుతుంది, తర్వాత వచ్చిన ప్రతి చేపనీ మూలకి తరుముతుంది. పైగా సైకిల్ కోసం చేపని అమ్మోనియాలో నానబెట్టడం ఎందుకు? సీసాలో అమ్మోనియం క్లోరైడ్ ఉంది, కొలిచి వేస్తే సరి. డామ్సెల్ కావాలనే ఉంటే పసుపుతోకదొకటి ఉంది, నీలం ఒళ్లు, ఆ జాతిలో కాస్త మర్యాదస్థురాలు. అయినా దాన్ని లిస్టు చివర్లోనే రాశాం.

గుంపుగా ఉంటే బావుంటుందని ఆకుపచ్చ క్రోమిస్‌లు ఆరు వేద్దామన్నాడు. సముద్రంలో వందలుగా తిరుగుతాయి కాబట్టి అందరికీ అదే ఆశ. ఇంత తొట్టెలో అవి ఒకదాన్నొకటి సతాయించుకుంటూ రాలిపోతాయి, ఆఖరికి ఒకటో రెండో మిగులుతాయి. కొట్టేశాను. వాటి బదులు పైజామా కార్డినల్స్ మూడు. పగలు ఒకచోట నిలబడి ఉంటాయి, ఎవరి జోలికీ పోవు, మేత తొందరగా పడతాయి. నడుముకి నల్లపట్టీ, వెనక చుక్కలు. తయారైన తీరు చూస్తే ముందొకరు వెనకొకరు కుట్టినట్టుంటుంది గానీ అదే దాని అందం.

తర్వాత ఫైర్‌ఫిష్. ఒక్కటే. రెండు వేస్తే జతైతే సరే, కాకపోతే ఒకటి బతకదు. ఇది బెదిరితే పైకి గెంతుతుంది, మూత మీద సన్నటి వల లేకపోతే పొద్దున్నే నేల మీద దొరుకుతుంది. వలలకి అతని దగ్గర లోటేముంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట మాత్రం పసుపు వాచ్‌మన్ గోబీ, పిస్టల్ ష్రింప్. రొయ్యల రైతు ఇంట్లో ఇది లేకపోతే ఎలా అని నేనే రాయించాను. ఈ రొయ్యకి చూపు సరిగా ఆనదు. ఇసకలో బొరియ తవ్వి, రోజంతా ఇసకా గులకరాళ్లూ బయటికి తోస్తూనే ఉంటుంది. గోబీ గుమ్మంలో కాపలా. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా వస్తే గోబీ తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి. గూడు ఒకరిది, కళ్లు ఒకరివి. రొయ్య పెద్ద డెక్క టప్‌మని కొడితే గాజు బయటికి వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు గ్లాసు పగిలిందనుకుంటారు. వీటి కోసం రాళ్లని ఇసక మీద కాకుండా అడుగు గాజు మీదే నిలబెట్టి, చుట్టూ ఇసక పోయాలి. లేకపోతే రొయ్య కింద తవ్వుకుంటూ పోయి రాయి ఒరిగిపోతుంది.

ఇక్కడొక జాగ్రత్త, మన ప్రాంతం వాళ్లకే చెప్పాల్సింది. చెరువు రొయ్య నాలుగు ముక్కలు కోసి తొట్టెలో మేతగా వేయకండి. వైట్‌స్పాట్ వైరస్ చేపల్ని ఏం చేయదు గానీ రొయ్యజాతి, పీతజాతి దేనికైనా అంటుకోగలదు. ల్యాబ్ మగ్గు, చెరువు దగ్గరి బకెట్టు, చెరువులో మేత చూసుకునే చెక్ ట్రే ముట్టుకున్న చెయ్యి, ఇవేవీ తొట్టెలోకి వద్దు. అతను నవ్వాడు. నవ్వనీ.

క్లౌన్ ఫిష్ లేకుండా ఎవరి లిస్టూ ఉండదు. ఓసెల్లారిస్ తీసుకోమన్నాను, తొట్టెల్లో పుట్టి పెరిగినవే. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు వీటి పిల్లల్ని ఉత్పత్తి చేసే పద్ధతి ఎప్పుడో సిద్ధం చేశారు. సముద్రంలో పట్టినవాటికన్నా ఇవి మేతకి అలవాటుపడి వస్తాయి, రోగాలు తక్కువ. "ఆడా మగా ఎలా చూడాలి?" అన్నాడు. చూడక్కర్లేదు. పిల్లలప్పుడు రెండూ ఆడ కావు. కాస్త సైజు తేడా ఉన్న రెండు తీసుకుంటే పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. ఆడది పోతే మగది ఆడగా మారుతుంది. ఇది విని మా తోడికోడలు వంటింట్లోంచి ఏదో అంది, రాయడానికి వీల్లేదు. మెరూన్ క్లౌన్, టొమాటో క్లౌన్ మాత్రం వద్దు, మొత్తం తొట్టె తమదే అంటాయి. క్లౌన్‌కి ఎనిమోన్ (అది సముద్రంలో కాపురముండే పువ్వులాంటి జీవి) ఉండాలన్న నియమమూ లేదు. కొత్త తొట్టెలో ఎనిమోన్ నిలవదు కూడా.

రాయల్ గ్రామా దగ్గర అతను దాదాపు మోసపోయాడు. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. శాంతమైన చేప, ఏ బండ కిందో తలకిందులుగా నిలబడుతుంది. కరీబియన్‌ది కాబట్టి మన దగ్గర తేలిగ్గా దొరకదు, దొరికినా ధర ఎక్కువ. ఒక దుకాణదారు అదే అని చెప్పి సగం ధరకి ఫోటో పంపాడు. చూస్తే అది రాయల్ డాటీబ్యాక్. అవే రెండు రంగులు, గుణం మాత్రం వేరు, చిన్న చేపల్నీ సన్నరొయ్యల్నీ వెంటాడుతుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. గ్రామాలో ఊదా మెల్లగా పసుపులోకి కరుగుతుంది, కంటి మీదుగా నల్లగీత, పైరెక్క మీద నల్లచుక్క ఉంటాయి. డాటీబ్యాక్‌లో గీత గీసి రెండు రంగులు వేసినట్టుంటుంది. ఈ ఒక్క ఫోటో కోసమే ఈ పోస్టు రాస్తున్నానన్నా తప్పులేదు.

వద్దన్నవాటి మీద గొడవ చాలా జరిగింది. బ్లూ ట్యాంగ్ అతని కూతురికి కావాలి. కార్టూన్ సినిమాల పుణ్యం. అది అడుగు పొడవు పెరిగే చేప, రోజంతా ఈదేది, దానికి ఈ తొట్టె మూడు మలుపులు. బటర్‌ఫ్లైలు చాలావరకు పగడాల్నే తింటాయి. లయన్ ఫిష్ నోట్లో పట్టిందల్లా మింగుతుంది, ఫైర్‌ఫిష్‌తో సహా. మాండరిన్ అందం చూసి అందరూ కొంటారు, దానికి కావాల్సింది రాళ్లలో తిరిగే కంటికానని పురుగుల్లాంటి కోపిపాడ్లు. కొత్త తొట్టెలో అవి ఎక్కడివి? కడుపు లోపలికి పోయి చస్తుంది. సముద్రపు గుర్రం అడగనే వద్దన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్‌లో ఉంది. మన దిబ్బలు కట్టే రాతి పగడాలూ అక్కడే. ఎవరైనా రామేశ్వరం నుంచి తెచ్చానని గుట్టుగా అమ్మితే ఆ గుమ్మం తొక్కకండి.

కొన్న చేప నేరుగా తొట్టెలోకి రాదు. వేరే టబ్బులో నెల పైన ఉండాలి. ఉప్పునీటి ఇక్, వెల్వెట్ లాంటి పరాన్నజీవి రోగాలు వస్తే రాగి మందు వాడాలి. రీఫ్‌లో రాగి పడితే రొయ్యా పగడమూ పోతాయి. చెరువులో నాచుకి కాపర్ సల్ఫేట్ చల్లే చెయ్యి కాబట్టి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

చెరువులో సీడ్ (రొయ్యపిల్ల) దింపే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. సంచి తెరిచి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ గంటలు గంటలు ఉంచుతాం కదా. దూరం నుంచి వచ్చిన చేప సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే అందులోని అమ్మోనియా అంతగా కుట్టదు. మూతి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి సంచి తేలేసి వేడి సర్దుబాటు చేసి, విప్పాక చేపని వెంటనే టబ్బులోకి మార్చేయాలి, సంచి నీళ్లు పారబోయాలి. దుకాణాల్లో సెలైనిటీ తరచు తక్కువ పెడతారు, ఫోన్ చేసి అడిగి టబ్బు అదే అంకె మీద సిద్ధంగా ఉంచుకుని, తర్వాత రోజుల మీద 35కి పెంచుకోవచ్చు. దిగడం చేపకి తేలిక, ఎక్కడమే కష్టం. కొనేముందు మేత వేయించి తింటుందో లేదో చూపించమనడం మానొద్దు. తినని చేప ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఏడెనిమిదే ఎందుకన్న ప్రశ్నకి ఎండాకాలంలో ఇంకో జవాబు ఉంది. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లు 7.8 పీపీఎం ఆక్సిజన్ పట్టుకుంటే 35 పీపీటీ నీళ్లు 6.4 మించి పట్టుకోవు. వేడి ఎక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మే నెల్లో అర్ధరాత్రి కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేస్తాడు? బ్యాటరీ ఏరేటర్ ఒకటి, నీళ్లు కదిలించే వేవ్‌మేకర్‌కి ఇన్వర్టర్ లైను ఒకటి పెట్టించాడు. ఇది మాత్రం చెప్పకుండానే చేశాడు.

లిస్టు ఇప్పటికి ఇలా ఉంది. ముందు కార్డినల్స్, ఫైర్‌ఫిష్, తర్వాత గోబీ, పిస్టల్ ష్రింప్, ఆ తర్వాత క్లౌన్ జంట, ఆఖర్న పసుపుతోక డామ్సెల్. గ్రామా దొరికితే క్లౌన్ల కన్నా ముందు. దొరక్కపోతే ఆ చోటు ఖాళీ. దాని స్థానంలో సిక్స్‌లైన్ రాస్ అనే చేప వేద్దామని అడుగుతున్నాడు. పెరిగాక అది కూడా తరుముతుంది, అందులోనూ ఫైర్‌ఫిష్ లాంటి పిరికిదాన్ని. డామ్సెల్, సిక్స్‌లైన్ రెండూ కలిపి వద్దు, ఏదో ఒకటి ఎంచుకోమన్నాను. ఆదివారం చెబుతానన్నాడు.