తొమ్మిది వందల పదాలు, ఆరు నిమిషాలు: నా అనుభవం

మా సాహితీ కేంద్రంలో నేను కథ చదివి, నిజం చెప్పాలంటే సగం కథ చదివి, పదిహేను రోజులైంది. ఈ ఉదయం కేంద్రం నుంచి కొత్త దరఖాస్తు పత్రం వచ్చింది. అందులో ఒక పంక్తి మారి ఉండడం చూసిన తరువాత ఈ విషయమంతా రాయాలనిపించింది. నా పట్టుదల వల్లనే ఆ పంక్తి మారిందని ఆ పత్రంలో ఎక్కడా లేదు కాబట్టి, ఆ మాట నేనే చెప్పుకోవలసి వస్తున్నది.

కేంద్రంలో నెల పొడవునా ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. పిల్లలకు కథలు చెబుతారు, ఎంచుకున్న పుస్తకం మీద చర్చ పెడతారు, అనువాదకులు కూర్చొని ఒకే పేరాను నాలుగు విధాలుగా అనువదించి వాదించుకుంటారు. నెలాఖరున జరిగే బహిరంగ పఠనంలో వేరువేరు భాషలవాళ్ళు తమ రచనలు తామే చదువుతారు. కథల కార్యశాల పూర్తి చేసినవారికే ఆ వేదిక మీద అవకాశం ఇస్తారు. అందువల్ల ఆరు వారాల కార్యశాలలో చేరాను. పేరు నమోదు పది నిమిషాల్లో ముగిసింది.

కార్యశాల గురించి ముందే కొందరు నన్ను భయపెట్టారు. అక్కడ మన కథను అందరూ విమర్శిస్తున్నంతసేపూ మనం నోరు మెదపకూడదు. 1936లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచనా కార్యశాల పేరుతో లోకమంతా పాకిన పద్ధతి ఇది. ఇరవై నిమిషాలు మౌనంగా కూర్చున్నాను, మొదటి రెండు పేరాలు అనవసరమన్నారు, కొట్టివేశాను. నేను భయపడినంత ఏమీ జరగలేదు. కథను యూనికోడ్‌లో టైపు చేసి పంపమన్నారు, పంపాను.

చిక్కంతా దరఖాస్తు పత్రంలోని ఒక్క వాక్యంలో ఉంది. "రచన 900 పదాలకు మించరాదు, పఠన సమయం ఆరు నిమిషాలు" అని అందులో స్పష్టంగా ఉంది. నా కథ 884 పదాలని కంప్యూటరు లెక్క చెప్పింది. ఇంకా పదహారు పదాలు మిగిలాయని మురిసిపోయి, ఎక్కడైనా ఒక విశేషణం చేర్చవచ్చునా అని కూడా ఆలోచించాను. రాత్రి ఒకసారి మనసులో చదువుకుంటే నాలుగు నిమిషాలే పట్టింది. పైకి చదవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని, నా వాక్యాలు నాకు తెలియవా అనుకున్నాను.

ఆ సాయంత్రం తొమ్మిది మందిలో నాది ఏడవ స్థానం. ఐదు నిమిషాలు కాగానే ఒక గంట, ఆరు నిమిషాలు కాగానే రెండు గంటలు మోగుతాయని మొదటే ప్రకటించారు. నాకు ముందు ఇంగ్లీషులో కథ చదివినావిడ రెండవసారి గంట మోగడానికి కొన్ని క్షణాల ముందే ముగించి, చిరునవ్వుతో దిగిపోయింది. ఆవిడకు ముందు చదివిన కవి మాత్రం తన కవితకు నేపథ్యం వివరించడానికే రెండు నిమిషాలు ఖర్చుపెట్టాడు. అర్థం చెబితే తప్ప అర్థం కాని కవితను వేదిక మీదికి తీసుకురావడం శ్రోతలకు చేసే అన్యాయమని నా అభిప్రాయం. పైగా తన వంతు కాగానే మిగతావాళ్ళను వినకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ అలవాటు ఉన్నవాళ్ళను చివరి స్థానంలో పెట్టాలని నిర్వాహకులకు ఇంతవరకు తోచకపోవడం ఆశ్చర్యం.

నా కథలో ఒక అన్న, పదకొండేళ్ళ తరువాత, జేబులో ఒక ఉత్తరం పెట్టుకొని చెల్లెలి ఇంటికి వస్తాడు. మొదటి సగమంతా తలుపు తట్టాలా వద్దా అన్న సంశయంతో బయటే నిలబడి ఉంటాడు. రెండవ సగంలో తలుపు తెరుచుకుంటుంది, ఉత్తరం చేతులు మారుతుంది, చివరకు చెల్లెలు దాన్ని చదవకుండానే కాల్చివేస్తుంది. మొదటి గంట మోగేసరికి అతడు ఇంకా గుమ్మం ముందే ఉన్నాడు. ఆ మోత నా కోసం కాదనుకున్నాను. అవధానంలో గంటలు లెక్కపెట్టే పని అవధానిదే గానీ పద్యం ఆగిపోదు కదా, నేనూ అలాగే సాగిపోయాను.

రెండు గంటలూ మోగాయి. అప్పుడు నేను చేసిన పని ఎవరూ చేయవద్దు: వేగం పెంచాను. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు నాలుకకు అడ్డం పడ్డాయి, సంభాషణలో ఎవరు మాట్లాడుతున్నారో నాకే తెలియకుండా పోయింది. అన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నచోట సభలో ఎవరో నవ్వారు. ఇంతలో సమయం చూస్తున్న కుర్రవాడు వేదిక అంచుకు వచ్చి, ఎంతో మర్యాదగా, కానీ మైకులో అందరికీ వినిపించేలా, "మేడమ్, ముగించేయండి" అన్నాడు. చివరి పేరా కోసం కాగితాలు తిరగేస్తే రెండు అతుక్కుపోయి వచ్చాయి. పేజీలకు అంకెలు కూడా వేసుకోలేదు. ఎలాగో వెదికి పట్టుకొని ఆ పేరా చదివాను. శ్రోతలు విన్న కథలో అంతవరకు తలుపే తెరుచుకోలేదు, ఉత్తరం ఊసే లేదు. అలాంటిది, ఉన్నట్టుండి ఎవరో ఒకామె ఏదో కాగితాన్ని కాల్చింది. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక సభ కాసేపు ఊరుకుంది. వ్యాఖ్యాత మైకు అందుకొని, "తలుపు ముందు నిలబడడంలోని వేదనను చిత్రించిన చక్కని కథ" అన్నారు. ఇరవై ఏళ్ళ రచనా జీవితంలో నన్ను ఇంతగా కుంగదీసిన ప్రశంస మరొకటి లేదు.

తరువాత నిర్వాహకుణ్ణి అడిగితే, "నిబంధన అందరికీ ఒకటే కదండీ, మిగతావాళ్ళు ముగించారుగా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. ఇంటికి వచ్చి, గడియారం ముందు పెట్టుకొని, నిలబడి, పైకి చదివితే తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు పట్టింది. మరునాడు ఆ ఇంగ్లీషు కథ చదివినావిడకు ఫోను చేసి అడిగాను. ఆవిడ కథ 870 పదాలు. పదాల సంఖ్యలో ఇద్దరిదీ దాదాపు ఒకటే, సమయంలో మాత్రం నాలుగు నిమిషాల తేడా!

అప్పుడు కూర్చొని ఆలోచిస్తే అసలు సంగతి బోధపడింది. ఇంగ్లీషులో పుస్తకాలను పైకి చదివి రికార్డు చేసేవాళ్ళు సాధారణంగా నిమిషానికి నూట యాభై పదాల వరకు చదువుతారు. ఆ నూట యాభైని ఆరుతో హెచ్చవేస్తే సరిగ్గా 900. ఆ లెక్కను ఎవరో తెచ్చి అన్ని భాషలకూ అంటించారు. నా కథలో "చెప్పుకోలేకపోయినందుకు" అన్నది ఒక్క పదం, అందులో పది అక్షరాలున్నాయి. దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే అరడజను చిన్నచిన్న పదాలు కావాలి. మన భాషలో ప్రత్యయాలు, సహాయక క్రియలు, సంధులు అన్నీ వచ్చి ఒకే పదంలో కూర్చుంటాయి కాబట్టి, పదాల సంఖ్య తగ్గుతుంది గానీ పలికే కాలం తగ్గదు. అసలు తెలుగులో పదం ఎక్కడ ముగుస్తుందన్నది చాలావరకు రాసేవారి అలవాటు. "చేసివేశాడు" అని కలిపి రాస్తే ఒకటి, "చేసి వేశాడు" అని విడగొడితే రెండు. ఒకే కథను ఇద్దరు టైపు చేస్తే రెండు లెక్కలు వస్తాయి. మన ఛందస్సు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని నోటితో పలికే కాలాన్ని కొలిచింది గానీ, ఏనాడూ పదాలను లెక్కపెట్టలేదు. సాహితీ కేంద్రం నడిపేవారికి ఈ మాత్రం తట్టకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇదంతా రెండు పేజీల ఉత్తరంగా రాసి పంపాను. "మీ సూచన పరిశీలనలో ఉంది" అని ఒక పంక్తి జవాబు వచ్చింది. ఈ ఉదయం వచ్చిన కొత్త పత్రంలో పదాల పరిమితి మాయమైంది; "పఠన సమయం ఆరు నిమిషాలు" అన్నది మాత్రమే మిగిలింది. కృతజ్ఞతలు ఎక్కడా లేవు.

వేదిక ఎక్కబోయేవారు ఏ కేంద్రం లెక్కనూ నమ్మకుండా, తమ రచనను నిలబడి, పైకి, ఇంట్లో ఎవరికైనా వినిపిస్తున్నట్టు చదివి చూసుకోవాలి. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే, సభ నవ్వడానికో దగ్గడానికో కొంత వ్యవధి మిగులుతుంది. అక్షరాలు పెద్దవిగా, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించుకొని, పేజీలకు అంకెలు వేసుకోండి. మొదటి గంట ఎక్కడ మోగాలో పెన్సిలుతో ఒక గీత పెట్టుకోండి. ఆ గీత దాటకముందే గంట వినిపిస్తే ఏ పేరా వదిలేయాలో కూడా ముందే గుర్తు పెట్టుకోవాలి. అప్పటికప్పుడు వేదిక మీద వెదకడం ఎంత చేటో నన్ను చూస్తే చాలు.

వచ్చే నెల పఠనానికి మళ్ళీ పేరు ఇచ్చాను. కథను 500 పదాలకు కుదించాను. పైకి చదివితే ఐదు నిమిషాల ముప్పై సెకన్లు పడుతున్నది. గుమ్మం ముందు నిలబడే ఘట్టమంతా తీసివేయడం వల్ల, కథ తలుపు తెరుచుకున్న తరువాతే మొదలవుతుంది. ఈసారైనా వ్యాఖ్యాత ఉత్తరం గురించి మాట్లాడక తప్పదు.