నెత్తళ్లకు జోడీ దొరికింది

ఇటలీలో లిగూరియా తీరానికి వచ్చాక చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్ల తెల్ల వైన్ నాకు తెగ నచ్చేసింది. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో ద్రాక్షలతో చేస్తారు. ఆ ఊళ్లలో ఒకటైన మోంతెరోస్సోలో ఉప్పులో ఊరేసిన నెత్తళ్లు, పైన ఆలివ్ నూనె, పక్కన చల్లటి గ్లాసు... ఆ ఉప్పదనానికి ఈ పులుపే కావాలి! బేసిల్ ఆకులు నూరి చేసే పెస్టో పచ్చడితోనూ ఇదే బాగుంటుంది. ఎర్ర వైన్ అయితే ఆ ఆకు వాసనను మింగేస్తుంది.

ఇక షక్కెత్రా. కోసిన ద్రాక్షను ఆరబెట్టి, రసం చిక్కబడ్డాక చేసే తీపి వైన్. బాగా ముదిరిన జున్ను ముక్కతో చిన్న గుక్క చాలు. నిటారు కొండమీద, సున్నం లేకుండా పేర్చిన రాతిగోడల మధ్య ఈ తోటలన్నీ చేతికష్టమే. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది ఈ కొండల్నే. సీసా ఖరీదైనదే, అయినా ఆ గోడలు చూశాక ఎక్కువనిపించలేదు.